మాట వినబడని పాట

పాట జనంలోకి పోవాలంటే ముందు మాట వినబడాలి. ఇది మనం అనుభవం మీద నేర్చుకున్న సంగతి. బుర్రకథ దళమైనా, డప్పు మీద పాడే బృందమైనా, చరణం అందుకోగానే వాద్యం తగ్గి మాటకు దారి యిస్తుంది. పల్లవికి మళ్ళీ లేస్తుంది. మాటను మింగేసే వాద్యాన్ని మన పల్లెల్లో ఎవరూ మెచ్చుకోరు. అలాంటప్పుడు, ఇంగ్లీషు మాతృభాషగా వున్నవాళ్ళకు సైతం కాగితం చూసుకుంటే తప్ప అర్థం కాని పాటలున్న ఒక ఆల్బం గురించి ఈ పత్రికలో రాయడమేమిటని మిత్రులు అడగవచ్చు. అడగాలి కూడా. ఆ ప్రశ్నను తప్పించుకోవడానికి కాదు, దాన్నే పట్టుకుని కొంత దూరం నడవడానికి ఈ వ్యాసం.

ఆల్బం పేరు 'ఎపెక్స్ ప్రిడేటర్ – ఈజీ మీట్'. 2015 జనవరిలో వచ్చింది. పాడింది 'నాపామ్ డెత్' అనే ఇంగ్లండు బృందం. వేటాడి తినే జంతువుల్లో అన్నిటికన్నా పైన వుండి, తనను తినేది మరొకటి లేని మృగాన్ని 'ఎపెక్స్ ప్రిడేటర్' అంటారు. 'ఈజీ మీట్' అంటే తేరగా దొరికే మాంసం. ఈ ఆల్బం వెనక వున్న ప్రేరణ 2013లో బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలిపోవడమని గాయకుడు మార్క్ గ్రీన్‌వే (అందరూ 'బార్నీ' అంటారు) చెప్పాడు. బట్టలు కుట్టే కార్మికులు 1,134 మంది శిథిలాల కింద చనిపోయిన ఘటన అది. వస్తువు అంత స్పష్టంగా వుండగా, మాట ఇంత అస్పష్టంగా ఎందుకుంది? వస్తువుకూ రూపానికీ మధ్య ఇంత ఎడం వున్న రచన ఈ మధ్య నాకింకొకటి తారసపడలేదు.

వినని వాళ్ళకోసం ఈ సంగీతమేమిటో కొంచెం చెప్పాలి. దీన్ని 'గ్రైండ్‌కోర్' అంటారు. ఈ బృందంలోనే ఒకప్పుడు డ్రమ్స్ వాయించిన మిక్ హారిస్ పెట్టిన పేరది. గ్రైండ్ అంటే రుబ్బడం. పొద్దున లేస్తే అదే చాకిరీ, మర్నాడు అదే చాకిరీ, దాన్ని కూడా ఇంగ్లీషులో ఆ మాటతోనే చెప్తారు. రెండర్థాలూ యిక్కడ సరిపోతాయి. 1970ల చివర వచ్చిన పంక్ సంగీతపు తిరుగుబాటు తత్వమూ, హెవీ మెటల్ బరువూ కలిసి, వేగం అంచు దాకా పోతే పుట్టినది గ్రైండ్‌కోర్.

డ్రమ్స్ వాయించేవాడు ఒక చేత్తో తాళాన్నీ, ఇంకో చేత్తో చిన్న డ్రమ్మునీ, కాలితో పెద్ద డ్రమ్మునీ సందు లేకుండా కొడతాడు. మామూలుగా పాట వింటూ మన కాలు తెలియకుండానే తాళం వేస్తుంది. ఇక్కడ కాలు అందుకోలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పోయి అంతా ఒకే మోతగా మారబోతున్నట్టు వుంటుంది, కాని మారదు. దీన్ని 'బ్లాస్ట్ బీట్' అంటారు. గిటారు సంగతి: ఆంప్లిఫయరుకు అది మోయగలిగిన దానికన్నా ఎక్కువ యిస్తే ధ్వని తరంగాల కొసలు తెగిపోతాయి, తెగినచోట అసలు స్వరంలో లేని ధ్వనులు పుడతాయి. పాత రేడియోలో వాల్యూం చివరిదాకా తిప్పితే వచ్చే గరగర యిదే. రేడియోలో మనం లోపం అనుకునే దాన్ని వీళ్ళు వాద్యం చేసుకున్నారు. ఇక గొంతు. స్వరతంత్రులకు కాస్త పైన మరో జత మడతలుంటాయి. మామూలు మాటలో వాటికి పని లేదు. గాలిని అదిమిపట్టి వాటిని కూడా అదిరేలా చేస్తే శ్రుతి పోయి గర్జన మిగులుతుంది. అక్షరం వుంటుంది, దాని మొహం మాత్రం చెరిగిపోతుంది.

ఇక్కడ భాషా విద్యార్థులకు ఒక చిన్న మాట. ఇంగ్లీషు మాట ఎక్కువగా హల్లు మీద తెగుతుంది. అరిచి, ఠక్కున నోరు మూసేయవచ్చు. తెలుగు అజంత భాష. మాట చివర నోరు తెరిచే వుంటుంది, సాగదియ్యమని అడుగుతూ వుంటుంది. మన పాటలో కోపం కూడా దీర్ఘం తీసుకుని, కొండ మీంచి కేక వేసినట్టు రావడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది. ఈ గర్జనను తెలుగులోకి తెచ్చుకోవాలనుకునే కుర్రవాళ్ళు ముందు ఈ చిక్కును విప్పుకోవాలి.

పాటల నిడివి కూడా చూడాలి. ఈ బృందం మొదటి ఆల్బం 'స్కమ్' 1987లో వచ్చింది. సుమారు 33 నిమిషాల్లో 28 పాటలు. అందులో 'యు సఫర్' అనేది 1.316 సెకండ్లలో అయిపోతుంది. ప్రపంచంలో అతి చిన్న పాటగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. బాధపడుతున్నావు సరే, ఎందుకని అడిగే నాలుగు మాటల ప్రశ్న, అంతే. నవ్వొస్తుంది. వాళ్ళు కూడా కొంత నవ్వుకుంటూనే చేసి వుంటారు. కాని ఆ ఆల్బం మొదలయ్యేది 'మల్టీనేషనల్ కార్పొరేషన్స్' అనే పాటతో. జెఫ్ వాకర్ వేసిన అట్ట బొమ్మలో పుర్రెల గుట్టల మధ్య పెద్ద పెద్ద కంపెనీల గుర్తులుంటాయి. కాబట్టి రాణా ప్లాజా గురించి మాట్లాడటం ఈ బృందానికి 2015లో కొత్తగా కలిగిన ఆలోచన కాదు.

ఈ శబ్దం ఎక్కడ పుట్టిందో తెలిస్తే కొంత దగ్గరవుతుంది. బృందం 1981లో మెరిడెన్ అనే వూళ్ళో మొదలైంది. ఇంగ్లండు నడిబొడ్డున, బర్మింగ్‌హామ్, కోవెంట్రీ నగరాల మధ్య వుంటుంది ఆ వూరు. మొదలుపెట్టినవాళ్ళు నిక్ బులెన్, మైల్స్ రాట్లెడ్జ్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు. ఆ వూళ్ళోనే ట్రయంఫ్ మోటారు సైకిళ్ళ ఫ్యాక్టరీ వుండేది. దాన్ని మూసేస్తామంటే 1973లో కార్మికులు లోపలే బైఠాయించారు. 1975లో సహకార సంఘంగా తామే నడపడం మొదలుపెట్టారు. 1983లో అది మూతపడింది. ఈ కుర్రవాళ్ళు వాద్యాలు పట్టుకున్న రోజుల్లో వాళ్ళ వూళ్ళోనే కార్మికులు నడిపే ఫ్యాక్టరీ ఒకటి కొన వూపిరితో వుందన్నమాట. దానికీ వీళ్ళ పాటకూ ముడిపెట్టి సిద్ధాంతం కట్టను. థాచర్ కాలపు తొలి ఏళ్ళలో ఆ ప్రాంతంలో ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి, నిరుద్యోగం పెరిగింది. వాళ్ళు పీల్చిన గాలి అది.

హెవీ మెటల్ సంగతి కూడా ఆ ప్రాంతానిదే. బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే కుర్రవాడు పదిహేడేళ్ళ వయసులో ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, 1965లో, ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున, యంత్రంలో చెయ్యి పడి కుడి చేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం గిటారు కళాకారుడికి తీగలు నొక్కేది కుడి చెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, పల్చటి తీగలు వేసుకున్నాడు, తర్వాతి రోజుల్లో నొప్పి తగ్గడానికి తీగల బిగువు సడలించాడు. బిగువు సడలితే స్వరం కిందికి దిగి బరువెక్కుతుంది. అతని 'బ్లాక్ సబ్బాత్' బృందం 1970లో తెచ్చిన ఆల్బం నుంచే హెవీ మెటల్ మొదలైందని చాలామంది లెక్క. అంటే ఆ సంగీతపు బరువులో ఒక కార్మికుడి తెగిన వేళ్ళున్నాయి. ఇది నేను కల్పించిన ఉపమానం కాదు. ఎవరు ఎంత ఆధ్యాత్మికంగా వ్యాఖ్యానించినా ఆ రేకుల యంత్రం కథలోంచి పోదు.

నాపామ్ అనే మాట మన పాఠకులకు కొత్తది కాదు, వియత్నాం నేర్పింది. పోతే, బృందాన్ని పుట్టించినవాళ్ళలో ఇప్పుడు ఒక్కరూ అందులో లేరు. 'స్కమ్' ఒక వైపు ఒక జట్టు, రెండో వైపు మరో జట్టు వాయించారు. రెండింటిలోనూ వున్నవాడు మిక్ హారిస్ ఒక్కడే. బేస్ గిటారు వాయించే షేన్ ఎంబరీ 1987లో, బార్నీ 1989లో వచ్చారు. మనుషులు మారినా వైఖరి మారకుండా నిలిచింది. నాలుగు దశాబ్దాలు దాటిన బృందాల్లో ఎక్కువ భాగం తమ పాత పాటలే అమ్ముకుంటూ బతుకుతాయి. వీళ్ళు 2020లో కూడా కొత్త ఆల్బం తెచ్చారు.

ఇప్పుడు రాణా ప్లాజా. వార్తగా అందరం చదివాం, కాని ఒకటి రెండు వివరాలు మళ్ళీ చెప్పుకోవాలి, ఎందుకంటే నా వాదన వాటి మీద నిలబడింది. ఢాకా దగ్గర సవార్‌లో ఎనిమిది అంతస్తుల భవనం. పై అంతస్తులు అనుమతి లేకుండా వేసినవి. లోపల అయిదు బట్టల ఫ్యాక్టరీలు. ప్రైమార్క్, బెనెటన్ వంటి పాశ్చాత్య కంపెనీలకు అక్కడినుంచి సరుకు పోయేది. 2013 ఏప్రిల్ 23న గోడల్లో పగుళ్ళు కనబడ్డాయి. అందర్నీ బయటికి పంపారు. 24న కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు తెరవలేదు. ఫ్యాక్టరీల వాళ్ళు మాత్రం కార్మికుల్ని లోపలికి రమ్మన్నారు, రాకపోతే జీతం పోతుందని బెదిరించారు. కరెంటు పోయింది. పై అంతస్తుల్లో జనరేటర్లు మొదలయ్యాయి. తొమ్మిది కాకముందే భవనం కూలింది.

బ్యాంకు మూసివుంది, ఫ్యాక్టరీ తెరిచివుంది. గోడ ఒకటే, పగులు ఒకటే. పగులు చూసి ఇంటి దగ్గర ఆగిపోగలిగే వ్యవధి ఒకరికుంది, ఇంకొకరికి లేదు. ఓడ ఎక్కాల్సిన సరుకు తేదీ ఆ వ్యవధిని తినేసింది. వర్గం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా పొట్టి పాఠం వుండదనుకుంటాను.

నేను ఆల్బం మొదటిసారి కాగితం చూడకుండా విన్నాను. పద్నాలుగు పాటలు, దాదాపు నలభై నిమిషాలు. మొదటి పాట ఆల్బం పేరుదే, అది గ్రైండ్‌కోరే కాదు. నెమ్మదిగా, ఇనుము మీద ఇనుము పడుతున్నట్టు దెబ్బలు. దాని మీద చాటింపు వేస్తున్నట్టు ఒక గొంతు. మన వూళ్ళలో దండోరా వేసేవాడి గొంతులో ఒక నిర్లిప్తత వుంటుంది చూడండి, చెప్పేది తన మాట కానట్టు. ఆ గొంతు. అది పెరిగి పెరిగి ఆగుతుంది. వెంటనే రెండో పాట, 'స్మాష్ ఎ సింగిల్ డిజిట్', ఏ హెచ్చరికా లేకుండా మీద పడుతుంది. ఒకటిన్నర నిమిషం లోపలో, అటూ ఇటూగానో ముగుస్తుంది. తర్వాతివి అదే వరస. బార్నీ లోతు గర్జన మీద గిటారు వాయించే మిచ్ హారిస్ సన్నటి కీచుగొంతు వచ్చి కోస్తుంది. 'డియర్ స్లమ్ లాండ్‌లార్డ్' దగ్గర వేగం పడిపోతుంది. మురికివాడలో ఇళ్ళు అద్దెకిచ్చే ఆసామిని సంబోధిస్తున్న ఆ పాట పాదాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. 'హయరార్కీస్'లో గర్జన పక్కకు జరిగి బృందగానం లాంటిది వినిపిస్తుంది.

కుట్టు మిషన్ల హోరు వినబడిందని రాయడం తేలిక. విమర్శకులు అలాగే రాస్తారు, నాకూ చెయ్యి అటే పోయింది. కాని అది నిజం కాదు. కుట్టు మిషను ఇలా మోగదు, అదీకాక ఒక చప్పుడును అనుకరించడం పెద్ద కళేమీ కాదు. ఈ ఆల్బం చేసేది వేరు. ఒక భావం చెవిలో పడి, అది ఏమిటో అని నేను నిలదొక్కుకునేలోపల పాట అయిపోతుంది. రెండోది మొదలవుతుంది. నాకు ఆలోచించుకునే వ్యవధి యివ్వడం లేదు. పగులు చూసి ఒక్క క్షణం ఆగనివ్వని ఆ ఉదయపు హడావుడి ఇందులో వస్తువుగా కాదు, రూపంగా వచ్చింది. ఉత్పత్తి వేగం మనిషి నిర్ణయశక్తిని ఎలా లాగేసుకుంటుందో వ్యాసంలో చదివితే ఒప్పుకుంటాం. ఇక్కడ ఒప్పుకోవడానికి కూడా టైమివ్వరు. నెమ్మదిగా నడిచే పాటలు కొన్నే వున్నా, అవే ఈ వేగం ఎంతటిదో తెలిసేలా చేస్తున్నాయి. చాలాచోట్ల వేగాన్నే గొప్పగా చెప్పుకునే ఈ తరహా సంగీతంలో ఈ తూకం అరుదు.

రెండోసారి కాగితం ముందు పెట్టుకుని విన్నాను. మాటలు వార్తాపత్రిక భాషలో లేవు. పొడి పొడిగా, కొంత గుబురుగా వున్నాయి. కొన్నిచోట్ల బార్నీ నిఘంటువు తెరిచి కూర్చున్నాడా అనిపించింది. అయినా చదువుతూ వింటే గర్జనలోంచి అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలుతాయి. ఒకసారి తేలినవి మళ్ళీ మునగవు. ఇక్కడ మాట వినబడదు గాని, చదవమని అడుగుతుంది. పాడేవాడు సగం, వినేవాడు సగం పని చెయ్యాలి. ఇది అక్షరం తెలిసినవాడి కళ అనే అభ్యంతరం నిజమే. డప్పు పాటకు ఆ షరతు లేదు. కాబట్టి ఇది దానికి ప్రత్యామ్నాయమనే మాట నేననను.

ఈ గొంతు ఎవరిది? ఇది ముఖ్యమైన ప్రశ్న. చనిపోయిన కార్మికురాలి గొంతు కాదు. బర్మింగ్‌హామ్ మగవాళ్ళు సవార్ స్త్రీల ఏడుపును అభినయించి వుంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. గర్జనకు వయసు లేదు, దేశం లేదు, శ్రుతి లేదు. ఎవరి తరఫునా మాట్లాడుతున్నానని చెప్పుకోలేని గొంతు అది. ఆ చెరిగిపోయిన మొహమే దాని నిజాయితీ అని నాకు తోస్తుంది.

దీని పక్కన ఇంకో రచనను పెట్టి చూడండి. బంగ్లాదేశ్ ఫోటోగ్రాఫర్ తస్లీమా అఖ్తర్, ఆమె కార్మికోద్యమ కార్యకర్త కూడా, రాణా ప్లాజా శిథిలాల్లో తీసిన ఒక ఫోటో లోకమంతా తిరిగింది. ఇటుకల్లో, ఇనుప కడ్డీల్లో నడుముదాకా కూరుకుపోయిన ఒక స్త్రీ, ఒక పురుషుడు. అతను ఆమెను పొదువుకుని వున్నాడు. అతని కంటి దగ్గర నెత్తురు చార కన్నీటి బొట్టులా వుంది. అక్కడ అన్నీ మొహాలే. చూసినవాడికి కాగితం అక్కరలేదు. ఆ ఫోటో చనిపోయినవాళ్ళను అంకెల్లోంచి బయటికి తెచ్చింది. ఆల్బం చేసినది దానికి ఎదురు పని: చంపిన వేగాన్ని చూపింది. ఫోటో అక్కడి మనిషి మాత్రమే తీయగలిగినది. అక్కడ నిలబడి, ఆ దుమ్ము పీల్చి తీసినది. ఆల్బం ఆ బట్టలు కొనే దేశంలోని మనిషి చేయగలిగినది. ఎవరు ఎక్కడ నిలబడి వున్నారో అక్కడినుంచి మాట్లాడటం నిబద్ధతలో ఒక భాగమైతే, రెండూ నిబద్ధ రచనలే. రెండింట్లో ఒకటే నిలుస్తుందంటే మాత్రం నేను ఫోటో వైపు చెయ్యెత్తుతాను.

ఇక నా అభ్యంతరం. అది పేరుతోనే. వేటగాడు, మాంసం అనే ఉపమానం కోపంలోంచి వచ్చింది, అర్థం చేసుకోగలం. కాని మాంసం ఎదురు తిరగదు. సవార్‌లో జరిగింది అది కాదు. భవనం కూలిన తర్వాత వేలాది మంది కార్మికులు వీధుల్లోకి వచ్చారు, సమ్మెలు చేశారు. ఆ సంవత్సరం మే నెలలోనే కార్మిక సంఘాలకూ పాశ్చాత్య కంపెనీలకూ మధ్య అగ్ని, భవన భద్రత మీద ఒప్పందం కుదిరింది, చట్టరీత్యా కట్టుబడి వుండాల్సిన ఒప్పందం. 3,000 టాకాలున్న కనీస నెల వేతనం డిసెంబరు నాటికి 5,300 అయింది. చాలదు, నిజమే. కాని మాంసానికి ఎవరూ వేతనం పెంచరు. ఈ బృందం వేళ్ళు అరాజకవాద పంక్‌లో వున్నాయి. ఆ సంప్రదాయానికి అన్యాయాన్ని పసిగట్టే ముక్కు వుంది, సంఘటిత శక్తిని చూసే కన్ను తక్కువ. మన దిగంబర కవులు 1965లో సభ్యత ముసుగు లాగేసిన కోపంతో వచ్చి, 1970 నాటికి వాళ్ళలో కొందరు సంఘంగా నిలబడే దాకా నడిచారు. ఆ అయిదేళ్ళ నడక మనకు తెలుసు గనక ఈ లోటు మన కంటికి త్వరగా ఆనుతుంది.

ఇంకొకటి కూడా వుంది. ఈ ఆల్బాన్ని అచ్చువేసింది 'సెంచురీ మీడియా' అనే జర్మన్ కంపెనీ. ఆల్బం వచ్చిన ఏడు నెలలకు, 2015 ఆగస్టులో, ఆ కంపెనీని సోనీ కొనేసింది. 1987లో బహుళజాతి కంపెనీల మీద అరుస్తూ మొదలైన బృందం పాటలు ఒక బహుళజాతి కంపెనీ జాబితాలోకి పోయాయి. బృందాన్ని ఇందులో తిట్టవలసిందేమీ లేదు. సరుకుగా మారకుండా చెవిదాకా వచ్చే పాట ఆ దేశంలో ఎక్కడుంది? అసలు ఇలాంటి బృందాలకు పాటల మీద వచ్చేది స్వల్పం. కచేరీ దగ్గర బల్ల వేసి అమ్మే పేరు ముద్రించిన నూలు చొక్కాలే వాళ్ళ కడుపు నింపుతాయి. ప్రపంచానికి అలాంటి చవక చొక్కాలు కుట్టి పంపే దేశాల్లో బంగ్లాదేశ్ ముందు వరసలో వుంది. మెడ దగ్గర పట్టీ తిప్పి చూసుకోవలసిన పని ఈ సంగీతం మొత్తానికీ వుంది.

వినదలచుకున్న విద్యార్థులు 'స్కమ్'తో మొదలుపెట్టకపోవడం మంచిది, చెవి అలిసిపోతుంది. ఈ ఆల్బం మొదటి పాట, రెండో పాట వెంట వెంటనే వినండి, మధ్యలో ఆపకండి. తర్వాత కాగితం తీసుకుని మళ్ళీ మొదటినుంచి. వాల్యూం ఎక్కువ అక్కరలేదు. తక్కువ పెట్టినా ఇది తగ్గదు.